ఉద్యమాన్ని ఆపే అధికారం ఎవరిది?

(తణుకులో ఉపాధ్యాయ, ఉద్యోగ మిత్రులు ఏర్పాటు చేసిన సభలో తెలంగాణ ఉద్యమంలో పాల్గొన్న ఒక జర్నలిస్టు చేసిన ప్రసంగ పాఠం)



తెలంగాణ ఉద్యమంలో తిరిగిన మనిషిని గోదావరి జిల్లాకు పిలిచి మాట్లాడమనడం చిన్న విషయం కాదు. 2009 నుంచి 2014 దాకా మనం ఎదురెదురు శిబిరాల్లో ఉన్నాం. అక్కడ మేం జై తెలంగాణ అంటే ఇక్కడ మీరు జై సమైక్యాంధ్ర అన్నారు. రాష్ట్రం 2014 జూన్ 2న రెండైంది. ఆ కొట్లాట ముగిసింది. ఇప్పుడైనా పక్కపక్కన కూర్చుని, ఆ రోజుల్లో ఒకరినొకరం ఏమనుకున్నామో నిదానంగా చూసుకోవచ్చు. అందుకు అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు.

మీరు నాకిచ్చిన అంశం: విప్లవాలు ప్రజల నుంచి పుట్టాలా, సంఘటితమైన కొద్దిమంది నుంచి రావాలా? ఇది పాత ప్రశ్నే. 1902లో లెనిన్ 'ఏమి చేయాలి?' రాసినప్పటి నుంచి, 1904లో రోజా లక్సెంబర్గ్ ఆయనతో వాదానికి దిగినప్పటి నుంచి నలుగుతున్నదే. కానీ ఈ ప్రశ్నను పుస్తకాల నుంచి మొదలుపెట్టను. మన రెండు శిబిరాల నుంచే మొదలుపెడతాను.

అప్పుడు మీ వైపు నుంచి మా మీద వచ్చిన మాట ఏమిటి? 'తెలంగాణ జనానికి ఏ బాధా లేదు, పదవులు దొరకని నాయకులు కొంతమంది చేస్తున్న హడావుడి ఇది' అన్నారు. మరి మేం మిమ్మల్ని ఏమన్నాం? 'సమైక్య ఉద్యమం జనానిది కాదు, హైదరాబాద్‌లో భూములున్న పెట్టుబడిదారులు నడిపిస్తున్న కృత్రిమ ఉద్యమం' అన్నాం. గమనించండి, రెండు వైపులా ఒకటే తిట్టు. 'అది కొద్దిమంది పని.' ఎదుటివాడి ఉద్యమాన్ని కొట్టిపారేయాలంటే ఇంతకు మించిన ఆయుధం లేదు. ఈ ఆయుధం మనం కనిపెట్టింది కూడా కాదు. దీన్ని మనకు అప్పజెప్పింది తెల్లదొర.

పితూరి అన్న మాట

మన్యంలో తిరుగుబాటు వచ్చినప్పుడల్లా ఇంగ్లీషు దొరలు తమ కాగితాల్లో రాసుకున్న మాట 'పితూరి'. ఎవడో కుట్ర చేశాడు, అమాయకపు కొండ జనాన్ని రెచ్చగొట్టాడు అన్న వాసన ఆ మాటలో ఉంది. మరి అసలు సంగతి ఏమిటి?

1879 మార్చిలో రంప లేచింది. కారణం చాలా మామూలుది. కల్లు గీసుకునే కొండ మనిషి మీద చిగురు పన్ను వేశారు. రంప మున్సబుదారు గుంజుడు దానికి తోడైంది. కోర్టుల్లో మైదానపు షావుకార్లు గెలుస్తుంటే పశువులూ పంటలూ పోయాయి. ముఠాదార్లు, వాళ్ల వెనక ఊళ్లకు ఊళ్లు కదిలాయి. కారం తమ్మన్నదొర, అంబుల్ రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య లాంటి పేర్లు వినిపిస్తాయి గానీ మొత్తం తిరుగుబాటును ఒక్క చేత్తో నడిపిన మనిషి లేడు. రంప నుంచి గొలుగొండ కొండలకు, భద్రాచలం వైపుకు అది పాకింది. పట్టాలన్నా, చంపాలన్నా ఒక్క తల దొరకలేదు. అణచడానికి 1880 దాకా పట్టింది, పలు పటాలాలను దించాల్సి వచ్చింది. అణచిన తర్వాత కూడా సర్కారు మున్సబుదారును తొలగించి, ముఠాదార్లతో నేరుగా ఒప్పందాలు చేసుకోక తప్పలేదు. ఓడిపోయిన తిరుగుబాటు కూడా ఒక మెట్టు దిగేలా చేసింది.

ఇక 1922. అల్లూరి సీతారామరాజు. ఆయన కుటుంబానిది మోగల్లు, ఇక్కడికి దూరమేమీ కాదు. పినతండ్రి నరసాపురంలో తహశీల్దారుగా పనిచేశారు, ఈయన అక్కడ చదువుకున్నాడు. అంటే మన్యానికి ఆయన బయటి మనిషి. ఈ డెల్టా మనిషి. 'ప్రజలా, కొద్దిమందా' అని అడిగేవాళ్లకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. బయటి నుంచి వచ్చిన ఒక్కడు నిప్పు పెట్టాడు అని చెప్పడం చాలా తేలిక. కానీ నిప్పు పట్టడానికి కట్టెలు ఎవరు ఎండబెట్టారు? పోడు కొట్టకుండా ఆపిన 1882 మద్రాసు అటవీ చట్టం. గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ రోడ్ల పనిలో కూలి ఎగ్గొట్టి చేయించిన చాకిరీ. ముఠాదారీలు పోగొట్టుకున్న గాం గంటందొర, ఆయన తమ్ముడు గాం మల్లుదొర లాంటి వాళ్ల కడుపుమంట. సీతారామరాజు వచ్చీ రాగానే తుపాకి పట్టలేదు. కల్లు మానమన్నాడు. కోర్టులకు పోకుండా పంచాయితీల్లో తేల్చుకోమన్నాడు. ఏళ్ల తరబడి వాళ్ల మధ్య ఉన్నాడు. ఆ తర్వాతే 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చచ్చారు. మలబార్ పోలీసులొచ్చారు, అస్సాం రైఫిల్స్ వచ్చింది.

1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన్ని పట్టుకుని కాల్చి చంపారు. జూన్‌లో గంటందొర పోయాడు. కొద్ది వారాల్లో అంతా సద్దుమణిగింది. 1879లో దొరకని ఆ ఒక్క తల 1924లో దొరికింది. నేను సీతారామరాజు త్యాగాన్ని తక్కువ చేయడం లేదు. 2022 జులై 4న భీమవరంలో 30 అడుగుల కాంస్య విగ్రహం నిలిపారు, పాడేరు కేంద్రంగా ఉన్న జిల్లాకు ఆయన పేరు పెట్టారు, సంతోషం. కానీ విద్యార్థులు ఈ రెండు పితూరీలనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ఒక్క మనిషి ఊపిరితో ముడిపడిన పోరాటం ఆ ఊపిరితోనే ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. ఇంకో సంగతి కూడా. ఆ రెండేళ్లూ మైదానంలోని కాంగ్రెసు పెద్దలు మన్యం వైపు రాలేదు. కొండ మీద జనం, కొండ కింద సంఘటిత నాయకత్వం, మధ్యలో ఘాట్ రోడ్డు. ఆ రోడ్డు ఎక్కిన నాయకుడు లేడు.

తూము తాళం ఎవరి దగ్గరుంది?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరు డెల్టా మనుషులు, మీకు నీళ్ల భాషలో చెబితే నాకంటే బాగా అర్థమవుతుంది. గోదావరిలో నీరు ఎవరూ పుట్టించలేదు. వాన పుట్టించింది. కానీ 1852లో ఆనకట్ట పూర్తికాక ముందు ఆ నీరు సముద్రంలోకి పోయేది, లేకపోతే ఊళ్లను ముంచేది. ఆనకట్ట, కాలువ, తూము వచ్చాక పొలానికి చేరింది. జనం కోపం నీరు. సంఘం కాలువ. నీరు లేని కాలువ ఎండిన గుంట, కాలువ లేని నీరు వరద. కాబట్టి 'నీరు గొప్పదా, కాలువ గొప్పదా' అని కొట్టుకోవడం దండగ. రైతుకు కావలసిన ప్రశ్న వేరే ఉంది. తూము తాళం ఎవరి దగ్గరుంది? నా చేను ఎండుతుంటే షట్టరు దించేయడానికి ఎవరికి అధికారం ఉంది?

ఉద్యమాలకూ ఇదే ప్రశ్న వేయండి. ఎవరు మొదలుపెట్టారని కాక, ఎవరు ఆపగలరని అడగండి. మన చరిత్ర కొత్తగా కనబడుతుంది.

1922 జనవరి, పెదనందిపాడు. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో రైతులు శిస్తు కట్టడం మానేశారు. శాంతి సేన దళాలు కట్టుకున్నారు. సర్కారుకు వసూళ్లు పడిపోయాయి. ఫిబ్రవరిలో ఎక్కడో గోరఖ్‌పూర్ జిల్లా చౌరీచౌరాలో పోలీస్ స్టేషన్ తగలబడింది. గాంధీజీ సహాయ నిరాకరణను దేశమంతటా నిలిపేశారు. పెదనందిపాడు రైతు ఏ తప్పూ చేయలేదు, ఏ హింసా చేయలేదు. అయినా తూము మూసుకుంది. తాళం పెదనందిపాడులో లేదు.

1946 జులై 4, కడవెండి. విసునూరు దేశ్‌ముఖ్ గూండాల తూటాకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. వెట్టికి, లెవీకి, భూమి గుంజుకోవడానికి వ్యతిరేకంగా ఆంధ్ర మహాసభ సంఘాలు ఊరూరా లేచాయి. అప్పటిదాకా దొర ముందు తలెత్తని మనిషి సంఘం పేరు చెప్పి నిలబడ్డాడు. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపిచ్చారు. ఉద్యమకారులు చెప్పుకునే లెక్క ప్రకారం మూడు వేల గ్రామాలు, పది లక్షల ఎకరాల పంపకం, నాలుగు వేల మంది అమరులు. ఇది ప్రజలదా, పార్టీదా? రెండూ. పార్టీ లేకుండా ఆ సంఘం లేదు, ఆ జనం లేకుండా పార్టీకి నల్లగొండలో నిలువ నీడ లేదు.

కానీ 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చి నిజాం లొంగిపోయాక, పోరాటం ఆపాలా కొనసాగించాలా అన్న ప్రశ్న వచ్చింది. ఆపాలన్న వాళ్లలో రావి నారాయణరెడ్డి ఉన్నారు. కొనసాగించాలన్న వాళ్లది పైచేయి అయింది. మూడేళ్లు అడవుల్లో నెత్తురు పారింది. 1951 మొదట్లో నలుగురు నాయకులు మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. 1951 అక్టోబరులో విరమణ ప్రకటన వెలువడింది. విరమణ తప్పా ఒప్పా అని నేనిప్పుడు తీర్పు చెప్పడం లేదు. కొనసాగించాలన్న నిర్ణయం, ఆపాలన్న నిర్ణయం రెండూ ఎక్కడ జరిగాయో చూడమంటున్నాను. మాస్కోలోని ఆ గదిలో భువనగిరి వెట్టి కూలీ లేడు. చిత్రమేమిటంటే, ఆ కూలీని అడిగిన రోజు ఆయన జవాబు చాలా స్పష్టంగా ఉంది. 1952 ఎన్నికల్లో నల్లగొండ ప్రజలు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వేసి పార్లమెంటుకు పంపారు.

1971, 1973: ఇద్దరికీ ఒకటే దెబ్బ

మిత్రులారా, ఇక్కడి నుంచి మీ కథా మా కథా కలిసిపోతాయి.

1969లో తెలంగాణ విద్యార్థులు లేచారు. ఉద్యోగులు వెంట నడిచారు. కాల్పుల్లో 369 మంది పోయారని ఉద్యమం చెప్పుకుంటుంది. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితికి జనం 14 సీట్లలో 10 ఇచ్చారు. ఇందిరాగాంధీ గాలి దేశమంతా వీస్తున్న ఎన్నికలవి. ఆ గాలికి ఎదురు నిలబడి ఇచ్చిన తీర్పు అది. ఇంతకంటే ప్రజల ఉద్యమం అని రుజువు ఏం కావాలి? కానీ అదే ఏడాది మర్రి చెన్నారెడ్డి గారు పార్టీని తీసుకెళ్లి కాంగ్రెసులో కలిపేశారు. పది సీట్లు ఇచ్చిన జనాన్ని ఒక్క మాట అడగలేదు.

మరుసటి ఏడాదే మీ వంతు. 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కోస్తా, రాయలసీమల్లో జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. డిసెంబరులో ఎన్జీవోలు సమ్మెకు దిగారు. కాలేజీలు మూతపడ్డాయి, రైళ్లు ఆగాయి, తుపాకులు పేలాయి. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన పెట్టారు. ఈ సభలో ఉన్న పెద్దల్లో ఆ రోజుల్లో రోడ్డెక్కిన వాళ్లు ఉండే ఉంటారు. 1973 సెప్టెంబరు 21న ఆరు సూత్రాల పథకం వచ్చింది. నాయకులు సంతకాలు పెట్టారు. డిసెంబరులో జలగం వెంగళరావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. సమ్మెలో జీతం పోగొట్టుకున్న గుమాస్తాను, పరీక్ష పోగొట్టుకున్న విద్యార్థిని ఎవరైనా అడిగారా?

మాకు 1971లో జరిగింది మీకు 1973లో జరిగింది. రెండు చోట్లా నీరు జనానిది, తాళం ఇంకొకరిది. ఈ సంగతి మనం ఒకరికొకరం చెప్పుకోలేదు. చెప్పుకుని ఉంటే 2009లో 'కొద్దిమంది పని' అని తిట్టుకునేవాళ్లం కాదేమో.

2009: తాళం చేయి మారిన రోజు

2009 నవంబరు 29న కేసీఆర్ ఆమరణ దీక్షకు బయలుదేరారు. కరీంనగర్ దగ్గర అలుగునూరులో అరెస్టు చేసి ఖమ్మం తీసుకెళ్లారు. మరునాడు ఆయన నిమ్మరసం తీసుకున్న దృశ్యాలు టీవీల్లో వచ్చాయి. దీక్ష ముగిసిందన్నారు. మామూలుగా అయితే కథ అక్కడ అయిపోవాలి. 1971లో అలాగే అయిపోయింది కదా!

ఈసారి అవలేదు. అప్పుడు నేను హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాను. ఆ సాయంత్రం క్యాంపస్‌లలో, హాస్టళ్లలో వినిపించిన మాట ఒకటే: 'ఆపడానికి ఆయనెవరు?' ఉస్మానియాలో, కాకతీయలో విద్యార్థులు రోడ్డు మీదికొచ్చారు. లాఠీలు విరిగాయి. ఎల్బీనగర్‌లో నిప్పంటించుకున్న శ్రీకాంతాచారి డిసెంబరు 3న కన్నుమూశాడు. డిసెంబరు 1నే దీక్ష కొనసాగుతోందని ప్రకటించక తప్పలేదు. డిసెంబరు 9 రాత్రి చిదంబరం ప్రకటన వచ్చింది. మా అరవై ఏళ్ల చరిత్రలో ఉద్యమాన్ని ఆపే అధికారం నాయకుడి చేతిలోంచి జనం చేతిలోకి వచ్చిన రోజులవి. నా దృష్టిలో తెలంగాణ వచ్చింది ఆ పది రోజుల్లో. తర్వాతి నాలుగేళ్లు దాన్ని నిలబెట్టుకున్నాం.

డిసెంబరు 23న కేంద్రం వెనక్కి తగ్గింది. 24న ప్రొఫెసర్ కోదండరాం కన్వీనర్‌గా రాజకీయ జేఏసీ ఏర్పడింది. ఆ తర్వాత కులానికో జేఏసీ, వృత్తికో జేఏసీ, ఊరికో జేఏసీ. లాయర్లు, డాక్టర్లు, టీచర్లు, సింగరేణి కార్మికులు. బతుకమ్మ ఎత్తుకున్న ఆడవాళ్లు, డప్పు పట్టిన మాదిగలు, గొంగడి వేసుకున్న గొల్లకురుమలు. 2011 ఫిబ్రవరి 17 నుంచి పదహారు రోజులు సహాయ నిరాకరణ. సెప్టెంబరు 13 నుంచి 42 రోజులు సకల జనుల సమ్మె. జీతాలు రాని ఉపాధ్యాయుడు పండుగ పూట దీక్షా శిబిరంలో కూర్చున్నాడు.

అయితే ఆ 42 రోజుల ముగింపు కూడా గుర్తుంచుకోవాలి. ఆర్టీసీ ఒక రోజు, సింగరేణి ఒక రోజు, ఉపాధ్యాయులు ఒక రోజు ఎవరికి వారు విరమించారు. చివరికి అక్టోబరు 24న ఉద్యోగులు వాయిదా వేశారు. ఒక్కో సంఘం తన తూము తాను దించుకుంది. ఊళ్లో టెంటు కింద కూర్చున్న జనానికి ఆ కబురు పేపర్లోనే తెలిసింది. అంటే తాళం పూర్తిగా జనం చేతికి రాలేదు. వచ్చినట్టే వచ్చి సంఘాల ఆఫీసుల్లో ఆగింది.

మీ వైపు 2013 సంగతి నేను చెప్పడం కంటే మీరే చెప్పాలి. జులై 30న కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తీర్మానం రాగానే ఏ పార్టీ పిలుపు కోసమూ చూడకుండా కోస్తా పట్టణాల్లో జనం వీధుల్లోకి వచ్చారు. దాన్ని కృత్రిమం అనడం తప్పని నేనివాళ ఈ వేదిక మీద నుంచి చెబుతున్నాను. ఆగస్టు 12 అర్ధరాత్రి నుంచి ఎన్జీవోల సమ్మె రెండు నెలలు దాటి నడిచింది. అక్టోబరులో ముఖ్యమంత్రితో చర్చల తర్వాత ముగిసింది. ఆ జనాన్ని ఎవరు అడిగారు?

కొద్దిమంది లేకపోతే?

ఇంతవరకు విని 'అయితే నాయకులూ సంఘాలూ దండగేనా' అని ఎవరైనా అడగవచ్చు. కానే కాదు.

2009లో విద్యార్థి లేచాడంటే అంతకు ముందు నలభై ఏళ్లు ఎవరో లెక్కలు కట్టి పెట్టారు. నీళ్ల లెక్క, నిధుల లెక్క, ఉద్యోగాల లెక్క. ఆచార్య జయశంకర్ పది మంది వచ్చిన సభలోనూ అదే లెక్క చెప్పారు, వేల మంది వచ్చిన సభలోనూ అదే లెక్క చెప్పారు. 1997లో భువనగిరి, వరంగల్ సభలు పెట్టిన వాళ్లు కొద్దిమందే. ఆ కొద్దిమంది తవ్విన కాలువలోకే తర్వాత నీరు వచ్చింది.

సంఘం లేని జనం ఏం చేస్తుందో కూడా చూశాం. 2011 మార్చి 10, మిలియన్ మార్చ్. అడుగడుగునా ముళ్లకంచెలు, ముందస్తు అరెస్టులు. అయినా జనం ట్యాంక్‌బండ్ చేరారు. అది మహత్తరం. కానీ ఆ రోజు తెలుగు మహనీయుల విగ్రహాలు కూలాయి. అది ఎవరి నిర్ణయం? ఎవరిదీ కాదు. అందుకే ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. మీ మనసులు నొచ్చుకున్నాయి, నొచ్చుకోవడం న్యాయం. జవాబుదారీ కావాలంటే సంఘం కావాలి.

ఇక సంఘం జనాన్ని వదిలేస్తే ఏమవుతుంది? శ్రీకాకుళం చూడండి. వెంపటాపు సత్యం మాస్టారు బడిపంతులు. ఆయన, ఆదిభట్ల కైలాసం గిరిజనుల మధ్య సంఘం కట్టారు. కూలి రేట్లు, తాకట్టు భూములు, షావుకారి అప్పులు, ఇవీ అక్కడి సమస్యలు. గిరిజన సంఘం సభలకు వేల మంది నడిచి వచ్చేవారు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర సభకు పోతున్న కోరన్న, మంగన్నలను భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. 1968 చివర సాయుధ పోరాటం మొదలైంది. ఆ తర్వాత వర్గశత్రు నిర్మూలన పేరుతో చిన్న దళాల దాడులే పోరాటం అయిపోయాయి. వేలమంది సంఘం వెనక్కి పోయింది, పదిమంది దళం ముందుకొచ్చింది. దళాన్ని పట్టుకోవడం పోలీసులకు తేలిక. 1970 జులై 10న సత్యం, కైలాసం ఇద్దరినీ చంపారు. ఉద్యమం చెదిరిపోయింది. పదేళ్లు కట్టిన సంఘం ఉండగా ఆ దారి ఎందుకు పట్టారన్న ప్రశ్న విప్లవ శిబిరంలోనే నేటికీ నలుగుతోంది.

రష్యాలోనూ ఇంతే. 1917లో పెట్రోగ్రాడ్ బట్టల మిల్లుల ఆడకూలీలు రొట్టె కోసం వీధిలోకి వచ్చిన రోజు సమ్మెకు ఏ పార్టీ పిలుపూ లేదు. వారం తిరిగేసరికి జారు దిగిపోయాడు. అక్టోబరులో అధికారం పట్టింది మాత్రం కట్టుదిట్టమైన పార్టీ. 1921లో క్రోన్‌స్టాట్ నావికులు సోవియట్లకు స్వేచ్ఛగా ఎన్నికలు జరపమని అడిగితే ఫిరంగులతో జవాబు చెప్పారు. మొదలుపెట్టిన జనానికి తాళం దక్కలేదు.

రాష్ట్రం వచ్చాక

ఇదంతా పాత చరిత్ర తవ్వడానికి చెప్పడం లేదు. తాళం వదిలేస్తే ఏమవుతుందో మేం మా సొంత రాష్ట్రంలో చూశాం.

హైదరాబాద్ ఇందిరాపార్కు దగ్గర ధర్నాచౌక్ ఉంది. తెలంగాణ కోసం మేం అక్కడ కూర్చోని రోజు లేదు. 2017లో, ఉద్యమం పేరుతో వచ్చిన ప్రభుత్వమే ఆ ధర్నాచౌక్‌ను ఊరి బయటికి తరలిస్తానంది. అదే ఏడాది మే 15న కోదండరాం సార్ ఆధ్వర్యంలో మళ్లీ అక్కడికే వెళ్లి ధర్నా చేయాల్సి వచ్చింది. 2018లో హైకోర్టు జోక్యంతో గానీ అది తెరుచుకోలేదు. 2019 అక్టోబరు 5న ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగారు. సకల జనుల సమ్మెలో చక్రం ఆపిన కార్మికులే వీళ్లు. 52 రోజులు నడిచింది. వాళ్లకు వాళ్లే ఉద్యోగాలు పోగొట్టుకున్నారని పాలకులు అన్నారు. బస్సులు ఆపి తెలంగాణ తెచ్చిన చేతులు, సొంత రాష్ట్రంలో పని ఇవ్వమని దండం పెట్టాల్సి వచ్చింది.

ఎందుకిలా అయింది? 2014 జూన్ 2 తర్వాత ఊరూరా ఉన్న జేఏసీల టెంట్లు పీకేశాం. రాష్ట్రం వచ్చింది కదా, ఇంకేం పని అనుకున్నాం. కాలువ మీద కాపలా మానేస్తే తూము ఎవడి చేతికి పోతుందో మీకు చెప్పక్కర్లేదు.

దీనికి భిన్నంగా జరిగినది ఒకటి ఇటీవలే చూశాం. మూడు వ్యవసాయ చట్టాల మీద 2020 నవంబరు 26 నుంచి పంజాబ్, హర్యానా, పశ్చిమ యూపీ రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్నారు. 2021 జనవరిలో చట్టాలను ఏడాదిన్నర పక్కన పెడతామని కేంద్రం బేరం పెట్టింది. నాయకులు అక్కడికక్కడ తలూపలేదు. సంఘాలన్నీ కూర్చుని చర్చించి కాదన్నారు. నవంబరు 19న ప్రధానే టీవీలో చట్టాలు వెనక్కి తీసుకుంటున్నాం, ఇళ్లకు వెళ్లండి అన్నారు. అప్పుడూ లేవలేదు. పార్లమెంటు రద్దు చేసి, మిగతా డిమాండ్ల మీద రాతపూర్వక హామీ వచ్చాక డిసెంబరు 9న అందరూ కలిసి విరమణ ప్రకటించారు. నీరు రైతులది, కాలువ సంఘాలది, తాళం కూడా వాళ్ల దగ్గరే ఉంది. అందుకే గెలిచారు.

నేను చెప్పదలచింది

విద్యార్థి మిత్రులారా, ఉద్యోగ మిత్రులారా, రేపు మీరు ఏ సమస్య మీద కదిలినా, ఫీజుల మీద గానీ, పింఛను మీద గానీ, కౌలు రైతు కార్డు మీద గానీ, మొదటి రోజే కొన్ని విషయాలు రాసి పెట్టుకోండి. సమ్మె మొదలుపెట్టడానికి ఎంతమంది చేతులెత్తారో, విరమించడానికీ అంతమంది చేతులెత్తాలి. చర్చలకు వెళ్లేవాళ్లు మాట్లాడి రావచ్చు, సంతకం మాత్రం జనం ముందు పెట్టాలి. ఒక్క మనిషిని అరెస్టు చేస్తే ఆగిపోయేలా కమిటీ కట్టకండి, ప్రతి పనికీ రెండో మనిషిని తయారు చేయండి. డిమాండ్ గెలిచిన రోజు టెంటు పీకవద్దు. ఇచ్చిన మాట అమలైన రోజు పీకండి. ఇవి పెద్ద సిద్ధాంతాలేమీ కావు. 1922 నుంచి 2019 దాకా మన వాళ్లు నెత్తురు, జీతాలు, చదువులు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠాలు.

విప్లవం ప్రజల నుంచి పుట్టాలా, కొద్దిమంది నుంచి రావాలా అని అడిగారు. పుట్టుక గురించి నాకు పేచీ లేదు. సీతారామరాజులా బయటి నుంచి ఒకడు వచ్చినా సరే, 1879లోలా ఊళ్లకు ఊళ్లే లేచినా సరే. ఆపేటప్పుడు ఎవరిని అడిగారు? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పలేని నాయకత్వం ఎంత గొప్పదైనా మనది కాదు. ఆ ప్రశ్న అడగడం మానేసిన జనం ఎన్ని లక్షలున్నా అది ఉద్యమం కాదు, ఊరేగింపు.

మీరు తణుకులో అడగండి. మేం తెలంగాణలో అడుగుతాం. రాష్ట్రాలు రెండైనా ఈ ప్రశ్న మాత్రం ఇద్దరిదీ.

సెలవు. జై తెలంగాణ, జై ఆంధ్ర.